పాతదానికి కొత్తది

రాణిగంజ్‌లో తన బేరింగుల దుకాణం షట్టర్ ఎత్తేటప్పటికి హరికిషన్ చేతిలో ఉన్నవి రెండే: తాళాలగుత్తి, ఒక కొత్త గ్రామఫోను రికార్డు. రెండింటినీ గల్లాపెట్టె మీదికి విసిరాడు. అగరుబత్తి వెలిగించాడు గానీ దేవుడి పటం వైపు చూడలేదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, బలమైన మెడ, ఏ సబ్బుకూ తెల్లబడని గ్రీజు గోళ్లు. ముప్పై మూడేళ్లుగా ఆయనది ఒకే పని: అరిగిన బేరింగు మీది నెంబరు వేలితో తడిమి, అలాంటి కొత్తది తీసి ఇవ్వడం. పాతది డబ్బాలో పడుతుంది. సరుకు విషయంలో ఆయన ఎన్నడూ మోసపోలేదు. మనిషి విషయంలోనే మోసపోయానని ఈ ఉదయం నుంచి రగిలిపోతున్నాడు.

ఆ మనిషి రామభద్రరావు. ఎదురు వరసలో పంపుసెట్ల దుకాణం, సొంతూరు ఏలూరు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఒకటో తారీఖున ఇద్దరూ తమకు ఇష్టమైన పాత రికార్డు ఒక్కోటి మార్చుకుంటారు. నెల తిరిగేసరికి ఎవరిది వారికి. రావు భార్య వీరరాఘవమ్మ మోటారు కంపెనీ బ్యానరు గుడ్డతో కుట్టిన సంచీలోనే రికార్డు వెళ్తుంది, వస్తుంది. ఇన్నేళ్లలో ఒక గీత పడలేదు, ఒక తేదీ తప్పలేదు. ఆ నమ్మకంతోనే హరికిషన్ ఈ నెల ఒకటిన, ఎన్నడూ గడప దాటించని తన తల్లి విమలమ్మ రికార్డు ఇచ్చాడు. రావు తన ప్రాణంలాంటి వీణ రికార్డు ఇచ్చాడు.

నిన్న సాయంత్రం రావు తిరిగి ఇచ్చేశాడు. తనది రేపు తీసుకుంటానన్నాడు. వీణ రికార్డును సంచీలో పెట్టి దుకాణంలోనే మేకుకు తగిలించి, హరికిషన్ తన రికార్డు చంకన పెట్టుకుని బోయిగూడ ఇంటికి పోయాడు.

తెల్లవారి పెట్టాడు. రెండో పాట రెండో చరణంలో ముల్లు చిక్కుకోవాలి, ఒకే మాట మళ్లీ మళ్లీ తిరగాలి. విమలమ్మ ఉన్న రోజుల్లో పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, గ్రామఫోను బల్ల కింద నేలలో కదిలే షాబాదు బండ మీద మడమతో ఒక్కటి కొట్టేది. ముల్లు ఎగిరి పాట సాగేది. ఆమె పోయాక ఆ పని కొడుకుది. ఇంట్లో తాపీపని చేయించినప్పుడు కూడా ఆ బండను ముట్టనివ్వలేదు. ఈ ఉదయమూ చరణం రాగానే మడమ ఎత్తి కొట్టాడు. పాట చిక్కనే లేదు. ఆయన కొట్టిన సంగతే ఎరగనట్టు సాగిపోయింది. కవరు పాతదే. లోపలున్నది కొత్త రికార్డు.

పదింటికి నేరేడ్‌మెట్‌లో పిండిమర నడిపే మార్త వచ్చింది. కొత్త బేరింగు ఇచ్చి, ఆమె తెచ్చిన పాతదాన్ని అలవాటుగా డబ్బాలోకి విసిరాడు.

"గది నాకియ్యి అన్నా."

"అరిగిపోయింది గద. ఏం జేస్కుంటవ్?"

"ఏమన్న జేస్కుంట. నాదా, నీదా?"

డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాడు. ఆమె అడిగినదాంట్లో తప్పు దొరకనందుకు ఆయనకు ఇంకా మండింది.

పదకొండింటికి రావు నవ్వుతూ మెట్లెక్కాడు.

"విన్నారా హరికిషన్ గారూ? మీరే కనిపెడతారని చెప్పకుండా ఊరుకున్నా. గీత లేదు, గరగర లేదు. పాత రికార్డులవాడికి అది ఇచ్చేసి, పైన కొంత కట్టి..."

"నిన్నెవడడిగిండు?"

పంతొమ్మిదేళ్ల 'మీరు' ఒక్క మాటతో పోయింది. రావు నవ్వు సగంలో ఆగింది.

"పాతదానికి కొత్తది ఇచ్చానండీ. మీరు రోజూ చేసే వ్యాపారమే కదా?"

"నా యాపారం నాకు నేర్పకు. అడిగినోనికి ఇస్త నేను. అడగకుండ ఎవనింట్ల సామాను మార్చలే."

"ఆ గీత వల్ల పాట పాడైపోతోందని..."

"గా గీత మా అమ్మది!"

బెల్టుల కట్ట ఒకటి తీసి బల్ల మీద కొట్టాడు.

రావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మీకో మాట చెప్పాలని వచ్చానండీ..."

"మాటలొద్దు. నాది వాపస్ తీస్కరా. అందాక నీ వీణ నా దగ్గర్నే ఉంటది."

రావు మేకుకున్న సంచీ వైపు ఒకసారి చూశాడు. "అలాగేనండీ," అని దిగిపోయాడు.

మధ్యాహ్నం దుకాణం మూసి బాలానగర్‌లో బెల్టులు ఇచ్చి, ఆరింటికి తిరిగొచ్చాడు. మెట్ల పక్కన చాయ్ అమ్మే బాలమ్మ పేపరు చుట్టిన కట్ట అందించింది.

"రావుసారు ఇచ్చిండు. గా పాత రికార్డుల దుకాణంల డబ్బలన్ని దేవులాడిండట. అంగీ నిండ దుమ్మే."

విప్పి చూశాడు. తల్లి రికార్డే. గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. తలెత్తి చూస్తే ఎదుటి షట్టరు దిగి ఉంది. పైన బోర్డు లేదు, బోల్టుల బొక్కలు నాలుగున్నాయి.

"ఏందీ గిట్లుంది?"

"ఖాళీ జేసిండు గద. సామాన్ల లారీ నాలుగింటికే పోయె. ఆయన, వీరరాఘవమ్మ సుత పోయిండ్రు. ఇగ ఏలూర్లనే ఉంటరట. నీకు ఎర్క లేదా? పొద్దుగాల చెప్తనని నీ దగ్గరికే ఎక్కె!"

నెల రోజులుగా ఆ దుకాణంలో పంపుసెట్లు తగ్గుతూ వచ్చాయి. రావుకు గిరాకీ బాగుందనుకుని లోలోపల కుళ్లుకున్నాడు హరికిషన్.

"ఇంకేమన్న అన్నడా?"

"పోయేముందు గుర్తుకు మంచిదొకటి ఇద్దామనుకున్న, అది సుత చేతగాలేదు అన్నడు."

"వీణ అడిగిండా?"

"ఏ వీణ? ఏం అడగలే."

ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు.

"గింత మాట చెప్పనీకి నోరు లేదా నీకు!" అని మూసిన షట్టరు మీద అరిచాడు. బాలమ్మ గ్లాసులు కడుగుతూ తల తిప్పుకుంది.

ఇంటికెళ్లి పాత రికార్డు పెట్టాడు. రెండో చరణంలో ముల్లు చిక్కింది. కావలసిన దానికంటే గట్టిగా కొట్టాడు, బండ అంచు విరిగింది. పాట సాగింది.

నెల మొదట ఆయన ఇచ్చింది ఒక రికార్డు. ఇప్పుడు ఆయనవి మూడు: పాతది, కొత్తది, ఎదుటివాడిది. అటువైపు ఒక్కటీ లేదు. ఇలాంటి బేరం రాణిగంజ్‌లో ఎవరికీ కుదరలేదు. కుదిర్చినవాణ్ని తిట్టడానికి మాత్రం ఎదుటి దుకాణంలో మనిషి లేడు.

ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. మోటారు కంపెనీ పేరు సగం చెరిగిన గుడ్డసంచీ, వీణ రికార్డు బరువుకు కాస్త సాగి, మేకుకు వేలాడుతూనే ఉంది.