రశ్మి పేరు మీద లైసెన్సు

కాపురానికి వచ్చిన మొదటి ఏడాది రశ్మి చేతిలో ఉన్నవి మూడు: ఒక బీకాం డిగ్రీ, ఒక పెన్ను, ఒక ఎగుమతి కోడ్. డిగ్రీ అటకెక్కింది. పెన్ను కిరాణా చీటీలకు పనికొచ్చింది. సరుకు విదేశాలకు పంపడానికి సర్కారు ఇచ్చే ఆ కోడ్ ఆమె అడగకుండానే వచ్చింది. "కోడలి జాతకంల లక్ష్మి ఉన్నదంట, కంపెనీ దాని పేరు మీదనే తియ్యి బిడ్డా" అని అత్త రుక్మిణమ్మ అంటే, కొడుకు అనురాగ్ సరేనన్నాడు. సైదాబాద్‌లో పైన ఇల్లు, కింద గోదాం. గోదాం నిండా వాల్వులు.

ఎంత ఘాటైన ఆమ్లానికీ చెక్కుచెదరని వాల్వులవి. మందుల ఫ్యాక్టరీకి ఎంత పనికొస్తాయో, విషవాయువు తయారుచేసేవాడికీ అంతే పనికొస్తాయి. అందుకే లైసెన్సు లేనిదే వాటిని దేశం దాటనివ్వరు. కొనేదెవరు, చివరికి వాడేదెవరు, దేనికి వాడతారు అని ఉత్తరం తెప్పించి ఢిల్లీకి పంపాలి. ఎనిమిదేళ్లుగా ఆ పని రశ్మి భోజనాల బల్ల మీద చేసింది, ఒక చెవి కుక్కర్ విజిల్ మీద పెట్టి. "ఇంట్ల ఖాళీగనే ఉంటది గదా, రాస్తది" అనేవాడు అనురాగ్ వచ్చినవాళ్లతో.

శ్రావణంలో అదే కాగితాల పనికి సుజన వచ్చింది, జీతానికి. లేతు మెషిన్ మీద పనిచేసే ఇశ్రాయేలు అనే కార్మికుడి కూతురు. వచ్చిన వారానికే ఆమెకు కింద ఆఫీసులో గిర్రున తిరిగే కుర్చీ, ఏసీ, పేరు అచ్చేసిన కార్డులు. మొగుడి చూపు ఆ పిల్ల మీద పడి ఉంటే రశ్మికి ఆ కొట్లాట తెలిసినదే. ఇది వేరు. రశ్మి కన్ను ఆ కుర్చీ మీద పడింది. సాయంత్రం ఆరు కాగానే ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతుంది, రాత్రికి ఏం కూరని ఎవరూ అడగరు. అన్నం తింటూ అనురాగ్ "సుజన చెప్పింది" అంటాడు. అదే మాట రశ్మి ఆరేళ్ల కిందటే చెప్పి ఉంటుంది. కిందికి పంపే టీలో సుజన కప్పుకు మాత్రం యాలకులు వెయ్యడం మానేసింది రశ్మి. అల్పమని తెలుసు. అయినా మానేసింది.

ఒక మధ్యాహ్నం సుజన తినడానికి వెళ్లినప్పుడు, తప్పు దొరుకుతుందేమోనని రశ్మి ఆమె ఫైలు తెరిచింది. గల్ఫ్‌లోని ఒక వ్యాపారి బేరం అది. పైన ముత్యాల్లాంటి సుజన అక్షరాలు: 'చివరికి వాడేవారి ఉత్తరం రాలేదు. సరుకు పంపరాదు.' తప్పు లేదు. దాంతో ఒళ్లు ఇంకా మండింది.

ఆ సాయంత్రమే అనురాగ్ కాగితం తెచ్చాడు. సరుకు ఆ వ్యాపారే తన ఫ్యాక్టరీలో వాడుకుంటాడని అందులో ఉంది.

"గీడ సంతకం పెట్టు."

"ఇది అబద్ధం కదండీ. ఆయనకు ఫ్యాక్టరీయే లేదు, దుకాణం ఉన్నది."

"సుజన లెక్కనే నువ్వు గూడ లొల్లి చేస్తవేందే? ఎల్లుండి కంటైనర్ పోవాలె."

రుక్మిణమ్మ అందుకుంది. "మొగోడు చెప్పినంక సదువుడేంది? ఎన్నడు లేనిది!"

రశ్మి కాగితం తీసుకుని కిందికి దిగింది. సుజన బ్యాగు సర్దుకుంటోంది.

"నువ్వెందుకు పెట్టలే సంతకం?"

"నా సంతకం చెల్లదు మేడం. కోడ్ మీది. దొరికితే జైలుకు పోయేది మీరే, సార్ గాదు." బ్యాగు తగిలించుకుంటూ అంది, "మీ పాత ఫైళ్లు చూసే ఈ పని నేర్చుకున్న నేను. ఒక్క ఉత్తరం తక్కువ లేదు వాటిల. మీరు పెట్టరనే అనుకున్న."

అయితే కుర్చీ సుజనది, లాభం అనురాగ్‌ది, జైలు తనది. ధూల్‌పేట్ వినాయకుడి విగ్రహానికి దండలన్నీ వేసి, చివరికి నీళ్లలోకి తోసేదీ విగ్రహాన్నే.

వెనకే దిగివచ్చిన అనురాగ్ చూస్తుండగా కాగితాన్ని నిలువునా చింపింది.

"పాగల్ అయినవా? కొనే పార్టీ పోతడు!"

"పోనియ్యండి. రేపు నాకో కుర్చీ ఈడ వెయ్యాలె. వేసేదాక ఏ కాగితం మీద నా సంతకం లేదు."

మూడో రోజుకు కుర్చీ వచ్చింది, సుజన కుర్చీ పక్కనే. అసూయ పోయిందా అంటే, పోలేదు. సుజన అక్షరాలంటే ఇప్పటికీ రశ్మికి కుళ్లే. లెక్క తేల్చుకుంటే, పోయింది ఒక బేరం, నాలుగు రోజులు మొగుడి మాట. వచ్చింది ఒక కుర్చీ. ధర ఎక్కువైందని అనురాగ్ సణిగాడు. ఎనిమిదేళ్లు ఆలస్యమైందని రశ్మి అనుకుంది.