ఓడ లేవలేదు

ఎండకు మట్టిగుట్ట సెగలు కక్కుతోంది. గోదావరిఖని అవతల, బొగ్గు కోసం తవ్విపోసిన ఆ గుట్టే ఇవాళ శనిగ్రహానికి ఆవల ఎక్కడో ఉన్న లోకం. పక్కనే ప్లైవుడ్‌తో చేసి వెండిరంగు పూసిన అంతరిక్ష ఓడ. టీవీ సీరియల్‌లో దానికి కెప్టెన్ హర్షిణి.

గని క్వార్టర్ల పిల్లకు కెప్టెన్ వేషమంటే మాటలా! దానికోసం హైదరాబాదులో చెప్పులరిగేలా తిరిగింది, పడరాని మాటలు పడింది.

ఈ ఎపిసోడ్‌లో గుట్ట విరిగి, ఓడను బాగుచేసే మెకానిక్ మీద పడుతుంది. మెకానిక్ వేషం పక్క క్వార్టరు భూపాల్‌ది. వాడప్పటికే థర్మకోల్ బండల కింద బుద్ధిగా పడుకున్నాడు. ఇక కెప్టెన్ చెప్పవలసింది ఒక్కటే: “వాణ్ణి వదిలేయండి. ఓడ లేపండి.”

హర్షిణి కెమెరాను వదిలి దర్శకుడి వైపు తిరిగింది.

“నేనీ మాట చెప్ప సార్,” అంది.

దర్శకుడు అమరనాథ్ నెత్తి పట్టుకున్నాడు. “ఏమైందమ్మా? నాలుగు ముక్కలే కదా!”

“మా దగ్గర ఒక్కడు లోపల చిక్కుకుంటె షిఫ్టోళ్లెవ్వరు ఇంటికి పోరు సార్. పైకి తెచ్చేదాక ఆడనే కూసుంటరు.”

“ఇది గని కాదు తల్లీ, గ్రహం!”

“ఏ గ్రహమైతేంది సార్? మనిషి మీద మట్టి పడ్డది గద.”

ఆమె తండ్రి సదయ్య మీద గనిలో పైకప్పు కూలినప్పుడు, ఇక లాభం లేదు, ఇళ్లకు పొమ్మని ఎందరు చెప్పినా తోటివాళ్లు కదల్లేదు. మూడోనాడు తెచ్చింది శవాన్నే. అయినా తెచ్చారు. అది తలుచుకుంటే హర్షిణికి ఇప్పటికీ ఏడుపూ గర్వమూ కలిసే వస్తాయి.

అమరనాథ్‌కు ఇవేవీ పట్టలేదు. పొద్దువాలితే వెలుతురు పోతుందని ఆయన బాధ.

“సరే, కెప్టెన్ చచ్చిపోయింది. వేదశ్రీ, ఇకనుంచి నువ్వే కెప్టెన్‌వి,” అన్నాడు.

ఇంత సులువుగా చంపేస్తారని హర్షిణి అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తప్పయిందనలేదు.

ఓడలో డాక్టరు వేషం కట్టిన వేదశ్రీ మంథని పిల్ల, గని ఇంటిది కాదు. ఆ మాట చెప్పేసింది.

“ఎక్కండి!” అమరనాథ్ అరిచాడు.

సిబ్బంది వేషాలన్నీ క్వార్టర్ల పిల్లలవే. వెండి సూట్లలో చెమటలు కారుస్తూ ఓడ నిచ్చెన వంక చూశారు, బండల వంక చూశారు. ఒక్కరూ ఎక్కలేదు. ఆయన మళ్లీ అరిచాడు.

చచ్చిపోయిన కెప్టెన్ వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని బండలు తీయడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఒకడు, వాడి వెనక అందరూ.

కిందనుంచి భూపాల్ గుసగుసలాడాడు. “అక్కా, నాకేం కాలే. గివి థర్మకోల్‌వే గద!”

“ఎరుకే. నువ్వు సప్పుడు చెయ్యకు,” అంది హర్షిణి, ఇంకో బండ లాగుతూ.