డెల్బర్ట్ ఊపిరితిత్తులూ, నల్ల ఆంబోతూ

అమెరికాలో నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో పశువుల వేలం అంటే డెల్బర్ట్ హ్రుస్కా గొంతే. మైకు ముందు నోరు విప్పాడంటే మనిషి ఊపిరి ఎప్పుడు పీల్చాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. అలాంటివాడికి ఈ మధ్య ఎండుగడ్డి దుమ్ము లేస్తే చాలు, ఛాతీ బిగుసుకుపోయి లోపల పిల్లికూనలు ఏడ్చినట్టు ఒకటే కూత. సంత యజమాని మెర్ల్ చెవిన పడితే మైకు ఇంకెవడికో ఇచ్చేస్తాడని అతని బెంగ.

భార్య లవోన్ రెక్క పుచ్చుకుని తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించింది. మచ్చలేవీ లేవు, నీరు చేరలేదు, గుండె దాని చోట అది ఉంది అంది డాక్టరమ్మ. కాకపోతే గాలి గొట్టాలు ఇరుకైపోయి లోపలికెళ్ళిన గాలి సరిగ్గా బయటికి రావడం లేదట. అందుకే ఊపిరితిత్తులు ఉబ్బి పెద్దవయ్యాయి, కింద గొడుగులా ఉండాల్సిన డయాఫ్రం పొర పళ్ళెంలా అణిగిపోయింది. ఊదించి చూశాను, ఇది ఆస్తమాయే అని తేల్చింది. డెల్బర్ట్ చెవులు మాత్రం ‘పెద్దవి’ అన్న మాట దగ్గరే దుకాణం కట్టేశాయి.

మర్నాడు సంత పక్క కాఫీ హోటల్లో ఆ ఎక్స్‌రే గోడకెక్కింది.

“చూడండ్రా, మామూలు ఛాతీలో పట్టే సరుకు కాదిది. డాక్టరే ఒప్పుకుంది,” అన్నాడు డెల్బర్ట్.

రైతులు టోపీలు వెనక్కి నెట్టి పరీక్షగా చూశారు. ఒకాయన తాను కోసిన పందులన్నీ గుర్తు తెచ్చుకుని, నిజమే, పెద్దవేనని ధ్రువీకరించాడు. మందు పీల్చే గొట్టం మాత్రం లవోన్ సంచి అడుగున పరదాలో ఉండేది.

ఆంబోతుల వేలం రోజు నల్ల ఆంబోతు బరిలోకి రాగానే కాలు దువ్వింది. దుమ్ము దట్టంగా లేచింది. పాట జోరు మీదుండగా డెల్బర్ట్ గొంతు టక్కున ఆగిపోయింది. జనం అదో ఎత్తుగడ అనుకుని ముందుకు వంగారు. అతని భుజాలు చెవులదాకా లేవడం చూసిన లవోన్, పై బెంచీ మీంచి మందు గొట్టం ఎత్తి ఊపుతూ కిందికి పరుగెత్తింది. పాడేవాళ్ళు ఎత్తే చేతులు కనిపెట్టడానికి బరి పక్కన నిలబడ్డవాడు ఊరుకుంటాడా? ఆమె ఊపిన ప్రతిసారీ ఆమె పేర పాట పెంచుతూ పోయాడు. పోటీగా పాడుతున్న రైతు దణ్ణం పెట్టి కూచున్నాడు.

డెల్బర్ట్ ఆమె చేతిలోని గొట్టం అందుకుని, పెన్సిలేదో వెతుకుతున్నవాడిలా బల్ల కిందికి దూరి మందు పీల్చి వచ్చాడు.

“పాట కాదని చెప్పు. మందని చెప్పు,” అని లవోన్ గుసగుసలాడింది.

ఎదురుగా మెర్ల్ చూస్తున్నాడు. డెల్బర్ట్ భార్య ముఖం చూశాడు, మైకు చూశాడు. ఒకటోసారి, రెండోసారి అని సాగదీసి, మూడోసారికి కళ్ళు మూసుకుని సుత్తి కొట్టేశాడు.

సాయంత్రం ఆంబోతును ట్రక్కెక్కిస్తుంటే మెర్ల్ వచ్చాడు.

“ఒక్క ఆవు కూడా లేనివాడివి, ఇదెందుకురా నీకు?”

పెట్టుబడి, అన్నాడు డెల్బర్ట్.

“మీ ఆవిడ ఊపిన గొట్టం మా అమ్మా వాడుతుంది. నీ కూత మైకులో నెలల తరబడి వింటున్నాం. స్పీకరు పాడైందనుకుని కొత్తది కూడా పెట్టించాను. ఒక్క మాట చెప్పుంటే ఆ పాట కొట్టేసి మళ్ళీ మొదలెట్టేవాళ్ళం కదా.”

డెల్బర్ట్ ముఖం విప్పారింది. అయితే ఇప్పుడు కొట్టేయమన్నాడు.

“సుత్తి కొట్టింది నువ్వేగా? మైకు నీదే, ఆంబోతూ నీదే.”

లవోన్ ట్రక్కు కిటికీ దించింది. “దానికి రోజూ ఎండుగడ్డి ఎవరేస్తారో అది కూడా చెప్పు మెర్ల్.”