అవుట్‌లెట్ దగ్గర పట్టిన సీసా

మా సూర్యప్రకాశ్ సార్‌కి తెలుగు ఎప్పుడు గుర్తొస్తుందంటే, తప్పుడు పని చేయించాల్సి వచ్చినప్పుడు. మిగతా రోజులన్నీ "త్రివేణీ, జల్దీ కరో" అనే హిందీయే.

జంషెడ్‌పూర్‌లో ఒక పెద్ద కాలనీ మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటుకు ఆయన మేనేజరు. నేను ల్యాబులో కాంట్రాక్టు మనిషిని. సబ్బుల్లోంచీ మురుగులోంచీ వచ్చే ఫాస్ఫేటును పట్టుకోవడానికి తొట్టెలో ప్రత్యేకమైన గుళికలు పోశాం. మంచి సరుకే, కాదనను. కానీ కడుపు నిండాక ఏ గుళికైనా ఇంకేం పట్టుకుంటుంది? నాలుగు నెలలకోసారి కాస్టిక్ సోడాతో కడగాలి. ఈయనేమో ఏడాదిదాకా కడగక్కర్లేదని పైవాళ్ళ దగ్గర డప్పు కొట్టుకున్నారు. ఇప్పుడు కడగక ఏడో నెల. ఆ నీళ్ళు పోయే నాలా బిర్సానగర్‌లో మా ఇంటి వెనకే. నాచు పట్టి, చేపలు చచ్చి తేలి, ఒకటే కంపు. మా అమ్మ కిటికీ తెరవడం మానేసింది. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఒకరోజు కాలుష్య బోర్డు నుంచి తనిఖీకి ఒక మేడమ్ వచ్చారు. రాంచీ మనిషి, తెలుగు ముక్క రాదు. నేను నమూనా పట్టడానికి ఖాళీ సీసాతో, ప్లాంటు నీళ్ళు బయటికి పోయే అవుట్‌లెట్ వైపు నడుస్తుంటే సార్ నవ్వుతూ తెలుగులోకి దిగారు.

"అక్కడొద్దమ్మా, మంచినీళ్ళ కుళాయి దగ్గర పట్టు. మనం మనం ఒకటి. నీకీ ఉద్యోగం ఇప్పించిందెవరు?"

మంచి మాటేదో అనుకుని మేడమ్ కూడా నవ్వారు.

"ఏటి సార్? ఇంకోపాలి సెప్పండి," అన్నాను.

సిగ్గులేకుండా మళ్ళీ చెప్పారు. నేను మేడమ్ వైపు తిరిగి, గొంతు పెంచి హిందీలో అన్నాను: "మేడమ్‌జీ, సార్ కుళాయి నీళ్ళు పట్టమంటున్నారు. నేను పట్టను."

సార్ మొహం మాడిపోయింది. మేడమ్ నా చేతిలోంచి సీసా తీసుకుని, తనే వంగి అవుట్‌లెట్ దగ్గర నీళ్ళు పట్టారు. నేను మందు కలిపాను. ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత నీలం తేలుతుంది. ఆ పది నిమిషాలూ నా జీతం లెక్కలే వేసుకున్నాను, అబద్ధమెందుకు? ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. నీళ్ళు ముదురు నీలానికి తిరిగాయి.

"రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు," అన్నారు సార్ పళ్ళు కొరుకుతూ, తెలుగులోనే. అబ్బ, ఈ మనిషికి బుద్ధి రాదు!

"మేడమ్‌జీ," అన్నాను హిందీలో, "నన్ను రేపటినుంచి రావద్దంటున్నారు. అదీ రాసుకోండి. పేరు త్రివేణి, తండ్రి తవిటయ్య. రేపు ఎనిమిదింటికి డ్యూటీలో ఉంటాను."