ఎడమ కిటికీ వైపు చప్పుడు

టక్.

తడి రోడ్డు మీద చక్రాల సరసర. వానలో నానిన ఆకుల వాసన. ఆ రెంటి మధ్య, వెనక ఎక్కడో, ఎడమవైపు — టక్.

"విన్నావా?" అన్నారు ఆయన, స్టీరింగు మీంచి వెనక్కి తల వంచి.

"నా మోకాలి చప్పుడేమోరా," అంది అత్తయ్య ముందు సీట్లోంచి. "మెట్లెక్కితే అదీ ఇలాగే అంటుంది."

"అమ్మేయండి నాన్నా దీన్ని," అంది చిన్నది.

"చప్పుడుతో ఎలా అమ్ముతామే? దొరకనీ. అమ్ముదాం."

"దొరకదు."

"దొరుకుతుంది."

"అయితే అది దొరికేదాకా నేను బస్సులో వెళ్తా."

ఇంట్లో కాఫీల దగ్గర మొదలైన గొడవ. చెప్పులేసుకుంటున్నప్పుడూ ఆగలేదు. గేటు దాటాక కూడా ఆగలేదు. నేను ఇద్దరి మధ్యా మాట్లాడలేదు. చిన్నది కిటికీ వైపు తిరిగింది. ఆయన చెవి వెనక్కి పెట్టి నడుపుతున్నారు.

టక్.

పాత కారు. పెద్ద కారు. ఎవరో కలవాళ్లు ఏళ్ల తరబడి వాడి, మోజు తీరాక వదిలేస్తే ఆయన ఇష్టపడి తెచ్చుకున్నారు. మా వీధికి అది నప్పదు. మా గేటుకీ నప్పదు — అద్దాలు మడిస్తే గాని లోపలికి రాదు. తోలు సీట్లు. తలుపు వేస్తే దిండు మీద చెయ్యి వేసినంత మెత్తగా మూసుకునేది. రోడ్డు ఎంత పాడైనా లోపల కూర్చున్నవాళ్లకి తెలిసేది కాదు.

పడవ, అనేది పెద్దది. పడవెక్కుదామా నాన్నా, అనేది.

పెద్దది మా మొదటి కూతురు.

ముందు సీటు అత్తయ్యది, మోకాళ్ల కోసం. వెనక ముగ్గురం. కుడి కిటికీ చిన్నదానిది. ఎడమ కిటికీ పెద్దదానిది. మధ్యలో నేను — ఇద్దరూ కొట్టుకోకుండా.

ఇప్పుడూ మధ్యలోనే కూర్చుంటాను.

ఎడమవైపు ఖాళీ. అటు జరగమని నాతో ఎవరూ అనలేదు. నేనూ జరగలేదు.

వానలు మొదలైన రోజుల్లో దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆ ఎడమ కిటికీకే తల ఆనించుకుని ఆసుపత్రికి వచ్చింది. దాని ఊపిరి అద్దం మీద చిన్న మబ్బులా పట్టేది. చెదిరేది. మళ్లీ పట్టేది. దారిలో ఒక గుంట, నిండా నీళ్లు. ఆయన చూసుకోలేదు. కారు పడి లేచింది.

"నెమ్మది నాన్నా," అంది పెద్దది, కళ్లు తెరవకుండా.

వాన తెరిపి ఇవ్వకముందే అయిపోయింది...

కారు ఇంటికొచ్చింది. మేం కారులో వచ్చాం. అది ఆ కారులో రాలేదు.

చప్పుడు అప్పటినుంచే.

ఆ గుంటే, అంటారు ఆయన. ఆ రోజు నేను చూసుకోలేదు, ఆ గుంటలోనే ఏదో విరిగింది, అంటారు. ఏదో విరిగిందన్నది నేనూ కాదనను.

ఒక షెడ్డు. ఇంకో షెడ్డు. అక్కడి నుంచి ఊరవతల మరో షెడ్డు, పెద్ద కార్లు మాత్రమే చూస్తారని ఎవరో చెబితే. కారుని పైకెత్తారు, చక్రం పట్టుకుని ఊపారు. ఎత్తితే అన్నీ గట్టిగానే ఉన్నాయి. షాక్ అబ్జార్బర్లు మార్చారు. చప్పుడు పోలేదు. చప్పుడు వెనక ఎడమవైపు కదా — ఎక్కడికెళ్లినా ఆయన మెకానిక్‌ని ఆ సీట్లోనే కూర్చోబెట్టేవారు. అక్కడైతే బాగా వినబడుతుందని. మెకానిక్ కళ్లు మూసుకుని, చెవి తలుపుకి ఆనించి కూర్చునేవాడు. ఆయన కావాలని గుంటల్లోంచి పోనిచ్చేవారు.

చప్పుడు ఉండేది కాదు.

"మీ కారుకి నేనంటే భయం సార్," అన్నాడు ఊరవతల షెడ్డాయన. "నేనెక్కితే నోరెత్తదు."

మేం ఇంటి దారి పట్టేవాళ్లం. మొదటి మలుపు తిరక్కుండానే — టక్.

పొద్దున్నే లేచి వాకిట్లో కారు మూల మీద రెండు చేతులూ పెట్టి అదిమేవారు. వదిలేవారు. అదిమేవారు. మీద కానుగాకులు రాలుతుంటే తుడుచుకునేవారు కాదు. భోజనం చేస్తూ చేస్తూ ముద్ద మధ్యలో ఆగి, ఎక్కడా ఏ చప్పుడూ లేకపోయినా, వినేవారు. ఒకరోజు చిన్నది కాలేజీ నుంచి వచ్చి, పరీక్ష బాగా రాశాను నాన్నా, అంది.

"ఊఁ. నిన్న నీ వైపు కూడా వినబడిందా?" అన్నారు ఆయన.

అది లోపలికి వెళ్లిపోయింది.

ఆ మర్నాటినుంచి అన్నంత పనీ చేసింది. బస్సు పాసు తీసుకుంది.

కొన్నాళ్లకి అత్తయ్య మెల్లగా కదిపింది. "ఆ పుస్తకాలు అలా ఉంటే దుమ్ము పడుతున్నాయమ్మాయ్. ఎవరైనా చదువుకుంటారు, ఇచ్చేయండి."

పెద్దదాని పుస్తకాలు. లావు లావువి. సంచుల్లో సర్దుతుంటే మధ్యలోంచి ఎండిన ఆకు ఒకటి జారింది, ఏ పేజీ గుర్తో. మళ్లీ ఏ పేజీలో పెట్టాలో నాకు తెలియలేదు.

ఆయన డిక్కీ తెరిచారు.

డిక్కీలో వద్దు, అన్నాను.

ఎడమ కిటికీ పక్కన పెట్టాను. బెల్టు కూడా పెట్టాను. ఆయన చూసి, డిక్కీ మూశారు.

అత్తయ్య రాలేదు. అయినా నేను మధ్యలోనే కూర్చున్నాను.

వీధి చివరి గతుకు దాటాం. చప్పుడు లేదు. రైలు గేటు దాటాం. చప్పుడు లేదు. పుస్తకాలిచ్చే కాలేజీ ముందు స్పీడు బ్రేకర్లు, ఒకదాని వెనక ఒకటి... ఏమీ లేదు. లోపల అంతా నీటి మీద పోతున్నట్టు. వెనకటిలా. పడవలా.

నేను సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఊపిరి గట్టిగా తీస్తే చెదిరిపోతుందేమో అన్నట్టు.

కాలేజీలో ఎవరో వచ్చి సంచులు దింపుకున్నారు. థాంక్స్ అండీ, అన్నారు.

వెనక్కి బయల్దేరాం. మొదటి స్పీడు బ్రేకరు.

టక్.

ఆయన కారు పక్కకి తీసి ఆపారు. ఏదో చెట్టు కింద. తడి ఆకులు ముందు అద్దం మీద పడుతున్నాయి, వైపరు వాటిని తోసేస్తోంది, మళ్లీ పడుతున్నాయి.

"కాస్త అటు జరుగుతావా?" అన్నారు. నా వైపు చూడకుండా.

నేను వెంటనే జరగలేదు. అది పెద్ద సీటు. అయినా అంత దూరం ఉంటుందని అనుకోలేదు.

జరిగాను. తోలు చల్లగా ఉంది. అద్దానికి తల తగలకుండా కూర్చున్నాను.

ఆయన కారు తిప్పుకొచ్చి అదే స్పీడు బ్రేకరు ఎక్కించారు. చప్పుడు లేదు.

"మళ్లీ మధ్యకి రా."

టక్.

"జరుగు."

లేదు.

"రా."

టక్.

"ఇక చాలండి," అన్నాను.

అక్కణ్ణించి నేరుగా ఊరవతల షెడ్డుకి వెళ్లాం. ఆయన మాట కూడదీసుకుని చెప్పారు. మెకానిక్ వినీ వినగానే నుదురు కొట్టుకున్నాడు. "నేనే ఎక్కి కూర్చుని నేనే వెతుక్కున్నా సార్. ఇన్నాళ్లూ." కిందికి దూరాడు. కాసేపటికి వేలి మీద నల్లటి రబ్బరు పొడితో బయటికొచ్చాడు. ఇరుసు దగ్గర ఒక రబ్బరు బుష్షు, రెండు ఇనుప ముక్కల మధ్య మెత్తలా ఉండేది. లోపల అరిగి వదులైంది. ఆ మూల మీద బరువుంటే అణిగి కూర్చుంటుంది. బరువు లేకపోతే ఎగిరి కొడుతుంది.

"గుంటలో పడినందుకేనా?" అడిగారు ఆయన.

"కాద్సార్. ఇది ఏళ్ల నాటి అరుగుదల. ఈ సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునేవాళ్లా?"

ఆయన ఆ కిటికీ వైపు చూశారు. అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"చిన్న పనే. రేపు వేసేస్తా. కొత్త రబ్బరు పడితే ఇక మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే, చప్పుడు రాదు."

తిరిగి వస్తున్నాం. నేను మధ్యలో. ఆయన చెవి ఇప్పుడు వెనక్కి లేదు. గుంట గుంటకీ అది కొడుతూనే ఉంది, ఆయన మటుకు రోడ్డు కేసే చూస్తున్నారు.

"మార్పించను," అన్నారు.

నేను వింటున్నాను.

"మనుషులకి పని ఉంటుంది, మర్చిపోతారు. దీనికైనా తెలుస్తోంది... లేదని."

నాకూ అలాగే అనిపించింది. ఆ మాట మీద నేనూ లోపల తలూపాను. ఉండనీ, అనుకున్నాను. కొట్టనీ. ప్రతి గతుక్కీ ఒకసారి దాని పేరు పిలిచినట్టు ఉంటుంది.

మా వీధి మొదట్లో బస్సు ఆగింది. చిన్నది దిగింది. గొడుగు లేదు. ఆయన కారు ఆపి తలుపు తీశారు. "ఎక్కు, తడుస్తున్నావు." అది ఒక క్షణం నిలబడి, కుడివైపు ఎక్కింది. నా భుజానికి దాని తడి భుజం తగిలింది.

గేటుకి ముందు ఒక గతుకు ఉంది. ఇంకా దాని దాకా రాలేదు. చిన్నదాని వేళ్లు సంచి పట్టీ చుట్టూ బిగుసుకున్నాయి. మెడ లోపలికి పోయింది. కళ్లు మూసుకుంది. దెబ్బ పడబోతోందని తెలిసినవాళ్లు ఎలా కూర్చుంటారో, అలా.

టక్.

భుజాలు దిగాయి. కళ్లు తెరిచింది. ఏమీ కానట్టు దిగి లోపలికి వెళ్లింది.

బస్సు పాసు తీసుకునేదాకా నా పక్కనే కూర్చుంది. ఇన్నాళ్లూ నేను ఎడమవైపే వింటున్నాను.

రాత్రి నలుగురం కంచాల ముందు కూర్చున్నాం.

"దొరికిందటగా?" అంది అత్తయ్య.

ఆయన చెప్పారు. కంచంలోకి చూస్తూ, మెకానిక్ మాటల్లోనే చెప్పారు. రబ్బరు, అరుగుదల, బరువు. అత్తయ్య ఈసారి మోకాళ్ల ఊసెత్తలేదు.

చిన్నది చెయ్యి ఆపింది. "అంటే... అక్క ఉన్నప్పుడు కూడా అరిగే ఉందా?"

"ఉంది."

"మనకి తెలీలేదు."

"తెలీలేదమ్మా," అన్నారు. మజ్జిగ పోసుకుంటూ, "మార్పించను. అలాగే ఉండనీ," అన్నారు.

చిన్నది తలూపింది. మంచినీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, మెల్లగా, ఎవరినీ నొప్పించని గొంతుతో, "అయితే బస్సు పాసు మళ్లీ కట్టాలి నాన్నా," అంది.

ఆయన, అలాగే, అన్నారు.

అలాగే అన్నారు... అంత తేలిగ్గా.

నేను కంచం పక్కకి జరిపాను. గొంతు పెంచలేదు.

"ఇంటికి రాగానే మెకానిక్‌కి ఫోన్ చేశాను," అన్నాను. "రేపు పొద్దున వచ్చి కారు తీసుకెళ్తాడు. రబ్బరు మార్పిస్తున్నాను. కారు అమ్మం. ఎల్లుండినుంచి చిన్నదాన్ని మీరే దింపుతారు."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నది నన్ను చూడలేదు, వాళ్ల నాన్నని చూసింది.

బయట వాన పట్టుకుంది. ఆకుల మీద, గేటు మీద, కారు మీద, అన్నిటి మీదా ఒకేలా కురుస్తోంది.

"అప్పుడిక కారుకి కూడా తెలీదు, అది లేదని," అన్నారు ఆయన.

"తెలీదు," అన్నాను.