కామేశ్వరి గుండెలో పై గది

అంబాజీపేట చుట్టుపక్కల కురిడీ కాయ బేరం కుదరాలంటే మాణిక్యాలరావు చెవి ఉండాల్సిందే. ఏడాదిపాటు అటక మీద ఎండిన కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఒక్క ఊపు ఊపాడంటే, లోపల నీళ్లు ఇంకాయా లేదా, కొబ్బరి పెంకును వదిలిందా లేదా, ఎక్కడైనా కుళ్లు పట్టిందా, పగలగొట్టకుండా చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లలో ఆ చెవి పొరబడిన కాయలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని మనిషికి కాస్త పొగరు. దానివల్ల ఎవరికీ హాని లేదు గనక ఊరు భరిస్తోంది.

అంతటి చెవికీ ఇంట్లో కుక్క దగ్గు అంతుపట్టలేదు. కుక్క పేరు పండు. తెల్లటి పామరేనియన్, పదకొండేళ్లది. గొంతులో చేపముల్లు ఇరుక్కుందని పక్కింటి అచ్చాయమ్మ తేల్చేసి రెండు అరటిపళ్లు తినిపించింది. పళ్లు పోయాయి, దగ్గు పోలేదు. చివరికి మాణిక్యాలరావు దాన్ని బుట్టలో కూర్చోబెట్టుకుని అమలాపురంలో పశువుల డాక్టరు మాధురి దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ ఎక్స్‌రే తీసింది, స్కాన్ చేసింది.

"ఇది గొంతు దగ్గు కాదండి, గుండె దగ్గు. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపులాంటి కవాటం ఉంటదండి. అది సరిగ్గా మూసుకోక, ముందుకి పోవాల్సిన రక్తం కొంత మళ్లీ పై గదిలోకి తన్నుకొస్తోంది. ఆ గది సాగిపోయి ఊపిరి గొట్టాన్ని నొక్కుతోందండి."

"గది సాగడమేంటండి, రబ్బరా?"

"మన ఇళ్లలో పెళ్లికి చుట్టాలు దిగినట్టేననుకోండి. వచ్చినోళ్లందరికీ ఆ గది చాప వేస్తది. కాదనదు, కసురుకోదు. ఎంత సాగిందో చూస్తే ఎన్నాళ్లుగా ఓర్చుకుందో ఇంచుమించు తెలిసిపోద్ది. మనుషుల్లోనూ ఇదే జబ్బు ఉందండి. కాకపోతే వాళ్లకి దగ్గు కన్నా ఆయాసం, గుండెదడ ఎక్కువ."

డాక్టరమ్మ స్టెతస్కోపు ఆయన చెవులకు తగిలించింది. గుండె 'లబ్'కూ 'డబ్'కూ మధ్య 'హుష్' మని, తూములోంచి నీళ్లు జారుతున్న చప్పుడు. మాణిక్యాలరావు కళ్లు మూసుకుని విన్నాడు. ఇన్నాళ్లూ చచ్చిన కాయల్ని విన్నవాడికి బతికిన కాయ దొరికింది. ఆ చప్పుడును ఆయన ఇక జన్మలో మరిచిపోడు.

మాత్రలు రాసిచ్చి, ఉప్పు తగ్గించమని, నిద్రలో పండు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో రోజూ లెక్కపెట్టి పుస్తకంలో రాయమని చెప్పింది. ముప్పై దాటితే ఫోను చెయ్యాలి. "అది నోరు విప్పి చెప్పుకోలేదు కదండీ. దాని తరఫున మీరే చెప్పాలి," అంది.

ఆ మాటను ఆయన వేదంలా పట్టుకున్నాడు. పండు పడుకుంటే ఇంట్లో మిక్సీ ఆగిపోయేది. జంతికల డబ్బాతో అచ్చాయమ్మ గుమ్మం తొక్కితే, "ఉప్పండీ ఉప్పు!" అని చేతులు అడ్డంపెట్టేవాడు. అంతటితో ఊరుకుంటే మాణిక్యాలరావు ఎలా అవుతాడు? మందుల షాపులో సొంత స్టెతస్కోపు కొన్నాడు. వీధిలో ఎవరు కనబడినా కుర్చీ వేసి కూర్చోబెట్టి గుండె విని, "గట్టి కాయే, పర్లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చేవాడు. పాలవాడు దారి మార్చుకున్నాడు.

భార్య కామేశ్వరి మాత్రం దొరకలేదు. "నన్ను మోగించక్కర్లేదండి, నేను బానే ఉన్నాను," అనేది. ఆవిడ ఎప్పుడూ బానే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా బానే ఉంది.

నాలుగో రోజు భోజనాలయ్యాక, ఇక పోరు పడలేక కూర్చుంది. ఆయన బిళ్ల ఆనించి, పెదవులు బిగించి విన్నాడు. ఒకసారి గొట్టం దులిపాడు. పండు దగ్గరికెళ్లి విన్నాడు. తన గుండె విన్నాడు. మళ్లీ వచ్చి విన్నాడు.

"ఏమైందండీ, కాయ కుళ్లిందా?" అని నవ్వింది కామేశ్వరి.

మాణిక్యాలరావుకి నవ్వు రాలేదు. పండు గుండెలో జారిన నీళ్లే ఇక్కడా జారుతున్నాయి. ముప్పై ఏళ్లలో మొట్టమొదటిసారి తన చెవి పొరబడి ఉంటే బాగుండునని ఆయన దేవుడికి మొక్కుకున్నాడు.

చెవి పొరబడలేదు. మర్నాడు గుండె ఆసుపత్రిలో డాక్టర్ నాగసతీష్ ఎకో తీసి, తెర మీద చూపించాడు. కవాటం రెక్క ఒకటి వదులై వెనక్కి తిరగబడుతోంది. పై గది బాగా సాగింది.

"మా పండుక్కూడా అదేనండి," అన్నాడు మాణిక్యాలరావు.

"పండంటే మీ అబ్బాయాండీ?"

"కుక్కండి."

డాక్టరు మర్యాదస్తుడు, నవ్వలేదు. "కుక్కలకి మాత్రలతో నెట్టుకురావడమే ఎక్కువండి. మీ ఆవిడకి ఆపరేషన్ చేసి కవాటం బాగుచెయ్యొచ్చు. ఎప్పుడన్నదే ప్రశ్న. ఆయాసం మొదలైతే ఇక ఆగకూడదు, ఆలస్యమైతే గది ఇంకా సాగి గుండె లయ తప్పొచ్చు. ఏ ఇబ్బందీ లేదంటే ఆర్నెల్లాగి మళ్లీ చూద్దాం. ఏమ్మా, ఆయాసం వస్తుందా?"

"అబ్బే, లేదండి."

"మెట్లెక్కితే?"

"ఆయ్, ఎక్కుతానండి. మీరు భోంచేసేరా డాక్టరుగారూ? పన్నెండు దాటిందండి."

ఇదీ మన వైపు వరస. ఎలా ఉన్నారని ఎవరడిగినా బాగున్నామనాలి. డాక్టరైనా సరే, ఎదురొచ్చిన పెద్దమనిషి దగ్గర మన గోడు వెళ్లబోసుకోవడం అమర్యాద. ప్రాణం మీదికొచ్చినా పలకరింపు పలకరింపే. డాక్టరు నమ్మనట్టు చూశాడు గానీ, ఆవిడ కాదన్నాక ఏం చేస్తాడు? 'ఆర్నెల్లు' అని రాయబోతూ కలం ఆపి, మాణిక్యాలరావు వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. పనిచేస్తూ ఆవిడ మధ్యలో ఆగుతారా? పడుకునేటప్పుడు ఊపిరాడ్డానికి ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు? కాళ్లు వాస్తాయా?"

మాణిక్యాలరావు నోరు తెరిచాడు. పండు రాత్రి నిమిషానికి ఇరవై ఆరుసార్లు ఊపిరి తీసింది. మొన్న ఇరవై నాలుగు. సందు చివరిదాకా ఎన్నోసారి వెళ్లేసరికి కూలబడుతుందో, ఏ పక్కకు తిరిగి పడుకుంటే సుఖంగా ఉంటుందో, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. పక్కన పడుకునే మనిషికి ఎన్ని దిండ్లో ఎంత తడుముకున్నా అందలేదు.

"నాకు తెలీదండి," అన్నాడు. "మా కుక్క గురించి అడగండి, రోజువారీగా చెప్తాను. మా ఆవిడ గురించి నాకేం తెలీదండి. దాన్ని లెక్కపెట్టేను గానీ, దీన్ని లెక్కపెట్టలేదండి."

తలుపు దగ్గరున్న నర్సు కిసుక్కుమంది. కామేశ్వరి మొహం ఎర్రబడింది. తనని ఎవరేమన్నా ఓర్చుకుంటుంది గానీ, పరాయివాళ్ల ముందు భర్త తలవంచుకోవడం ఆవిడ వల్ల కాదు.

"ఆయన్నేం అనకండి," అంది. ఎవరూ ఏమీ అనలేదు. "నేను చెప్తేగా ఆయనకి తెలియడానికి? ఆయనింట్లో లేనప్పుడు చూసి అటక ఎక్కేదాన్నండి. నాలుగు మెట్లెక్కి కూచుంటాను, మళ్లీ నాలుగెక్కి కూచుంటాను. మూడేళ్లయిందండి. దిండ్లు మూడండి, ఆయన నిద్రపోయాక పెట్టుకుని, లేవకముందే తీసేస్తాను. వాడపల్లి గుళ్లో ప్రదక్షిణలు చేస్తా మూల మూలకీ ఆగి దణ్ణాలు పెడతానా, మా వీధంతా ఎంత భక్తో అంటారండి. భక్తి కాదండి బాబూ, ఊపిరాడకండి. వెంకన్నబాబు దగ్గర కూడా అబద్ధవాడేశాను."

డాక్టరు ఆర్నెల్ల మాట వదిలేసి, ఆపరేషన్ వచ్చే వారం అని రాశాడు. అయినా కామేశ్వరి ఆగలేదు. బట్టలు పిండేటప్పటి దడ గురించి చెప్పింది, సాయంత్రాలు పాదాల మీద పడే వాపు గురించి చెప్పింది, పెళ్లినాటి టైఫాయిడ్ దాకా వెళ్లింది. మాణిక్యాలరావు కుర్చీ దగ్గరికి లాక్కుని విన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ తన గురించి అంతసేపు మాట్లాడటం, ఆయన వినడం అదే మొదలు.