లాభంతో మొదలుపెట్టిన లెక్క

పుదుచ్చేరిలో వస్తువులు పారిస్‌లో కంటే ఎక్కువ బరువు తూగుతాయని తేలిన రోజు నుంచీ ఆదికేశవన్‌కి ముద్ద దిగడం లేదు. తేల్చింది తనే మరి. కోసపాళయంలో ధాన్యం వ్యాపారం చేసే చెంగల్రాయన్ కొడుకు, ఫ్రెంచి బడిలో పై తరగతి చదివే పిల్లవాడు. అంత పెద్ద సంగతి తన లెక్క మీద నిలబడిందంటే ఇంకొకడైతే రొమ్ము విరుచుకుని తిరిగేవాడు. వీడేమో కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు.

తల్లి అమ్మాయమ్మ దాన్ని దిష్టి అని తేల్చేసింది. ఉప్పూ మిరపకాయలూ కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసి, ఘాటు రాలేదు చూడండి, ఎంత పాడు కళ్ళో అని వీధిలో వాళ్ళందరినీ కలిపి తిట్టింది. బజారులో సంగతి వేరు. చెంగల్రాయన్ నోట్లో నువ్వుగింజ నానదు. కొడుకు ఘనత పొద్దు గూకేలోగా అంగడి వీధి ఆ చివరిదాకా పాకింది. నీ కొడుకు ఊరి బరువు పెంచినాడంటనే, బరువుతో మాకేం పని, ముందు నీ కుంచం పెంచమను అని బేరగాళ్ళు ఎగతాళి చేస్తే, వాళ్ళకంటే గట్టిగా ఆయనే నవ్వేవాడు.

ఈ గొడవంతా తెచ్చిపెట్టింది మెస్యే మొరాన్. బడిలో భౌతికశాస్త్రం చెప్పే ఫ్రెంచి పంతులు. పిల్లలు పుస్తకం అప్పజెబుతుంటే ఆయనకి ఒళ్ళు మండేది. ఎవరో ఎక్కడో కొలిచింది బట్టీ పడితే అది శాస్త్రం ఎలా అవుతుంది, జవాబు ముందే తెలియనిదాన్ని మీ చేతులతో మీరు కొలవండి అనేవాడు. తరగతిలో చురుకైన ఇద్దరిని ఏరుకున్నాడు. ఒకడు ఆదికేశవన్, రెండోవాడు వాడి నేస్తం పట్టాభిరామన్. ఈ ఊళ్ళో భూమి వస్తువుల్ని ఎంత గట్టిగా లాగుతున్నదో కొలిచి, ఆ అంకె పారిస్ పండితులకి పంపుదామన్నాడు.

బడికి పెద్దైన డైరెక్టరు దొర నవ్వాడు. ఈ ఊరి పిల్లలు అప్పజెప్పగలరు గానీ కొలవలేరని ఆయన నమ్మకం. మొరాన్ వెంటబడి వేధించగా, సముద్రం వైపు ఊరికే పడివున్న పాత నూలు గిడ్డంగి తాళంచెవి విసుగ్గా ఆయన చేతిలో పెట్టాడు. ఒక్క తప్పు దొర్లినా తాళంచెవి వెనక్కి తీసుకుంటాను, ఆ తర్వాత ఏ పిల్లవాడూ ఆ గడప తొక్కడని చెప్పాడు. వచ్చే ఏడు ఈ పనికి రావలసిన కింది తరగతి పిల్లలు అప్పటికే గిడ్డంగి కిటికీ చువ్వలు పట్టుకుని వేళ్ళాడుతున్నారు.

పని వినడానికి సులువే. దూలానికి పొడుగాటి తీగ, తీగ చివర కొబ్బరికాయంత సీసపు గుండు. గుండు అటు వెళ్ళి ఇటు వస్తే ఒక ఊపు. భూమి గట్టిగా లాగితే ఊపు తొందరగా అవుతుంది, మెల్లగా లాగితే నిదానంగా అవుతుంది. ఐదువందల ఊపులకి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకుంటే మిగతాదంతా గుణకారమే.

మొదట్లో ఊపులు లెక్కపెట్టింది పట్టాభి. ఫ్రెంచిలో, బిగ్గరగా, పాట పాడినట్టు లెక్కపెట్టేవాడు. రెండు రోజులు బాగానే సాగింది. మూడోనాడు కిటికీలో పిల్లలెవరో వెక్కిరిస్తే ఫక్కున నవ్వాడు, లెక్క కాస్తా ఎగిరిపోయింది. మెస్యేకి కోపం వచ్చి పట్టాభి తెచ్చిన అంకెలన్నీ కొట్టేశాడు. ధాన్యం కొలిచే ఇంట్లో పుట్టినవాడు, వీడు తప్పడు అంటూ ఆదికేశవన్‌ని లెక్కకి పెట్టి, పట్టాభిని గడియారం ముందు కూర్చోబెట్టాడు.

నిజంగానే ఆదికేశవన్ తప్పేవాడు కాదు. అయితే వాడికొక సిగ్గు ఉంది. అంగట్లో ధాన్యం కొలిచేటప్పుడు ఎవరూ ఒకటి అనరు. మొదటి కుంచానికి ‘లాభం’ అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ విన్న లెక్క అది, నాలుక ఇంకో దారి పట్టదు. మెస్యే ముందు లాభం అంటే ఏమనుకుంటాడో, పట్టాభి ఎంత అల్లరి చేస్తాడో అని నోరు మూసుకుని లోలోపలే లెక్కపెట్టేవాడు. గుండు గోడమీది గుర్తు దాటగానే మెస్యే చెయ్యి ఊపేవాడు. పట్టాభి గడియారం చూసేవాడు. ఆదికేశవన్ మనసులో లాభం అనుకుని లెక్క అందుకునేవాడు. ఐదువందలు కాగానే చెయ్యెత్తేవాడు. రోజూ ఒకే అంకె వచ్చేది, కొంచెం కూడా తేడా లేకుండా.

లాగుడు లెక్కలో ఆ అంకె పారిస్ అంకె కంటే పెద్దది. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ లాగుడు తగ్గాలని పుస్తకాలు చెబుతాయి, ఇక్కడేమో పెరిగింది. మెస్యే తీగ పొడవు మళ్ళీ మళ్ళీ కొలిచాడు. గడియారాన్ని పరీక్షించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లెక్కపెట్టేవాణ్ని పరీక్షించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇక ఆయన కాళ్ళు నేలమీద నిలవలేదు. ఈ ఊరి కింద బరువైన రాతిపొర ఏదో ఉందని, పారిస్ వాళ్ళు నోరు వెళ్ళబెడతారని పేజీల కొద్దీ రాశాడు. గురువారం సాయంత్రం డైరెక్టరు దొర వచ్చి సంతకం పెడతాడు, మర్నాటి ఓడలో ఆ కాగితాలు వెళ్ళిపోతాయి.

ఆదికేశవన్ భయానికి అప్పటిదాకా పేరు లేదు. పుస్తకాలన్నీ తప్పయి తనొక్కడు ఒప్పు కావడమేమిటని రాత్రీ పగలూ నలుగుతున్నాడు. ఎక్కడ తప్పిందో తెలియదు, తప్పలేదని గట్టిగా అనుకోనూ లేడు.

గురువారం బడికి సెలవు. అరియాంకుప్పం నుంచి వడ్ల బండ్లు వచ్చి అంగడి ముందు నిలబడ్డాయి. కొలతగాడు ఇరుసప్పన్ జ్వరంతో రాలేదు. చెంగల్రాయన్ కొడుకుని కేకేసి కుంచం చేతికిచ్చాడు. ఆదికేశవన్ వడ్లు నింపి, పైన చేత్తో తుడిచి, గోతాంలోకి వంపి, లాభం అన్నాడు.

అన్నవాడు అలాగే ఆగిపోయాడు. గోతాంలోకి చూశాడు. అడుగున ఒక కుంచం వడ్లు ఉన్నాయి. ఇక్కడ లాభం అనేసరికి లోపల ఒక కుంచం పడింది. గిడ్డంగిలో లాభం అనుకునేసరికి ఏం పడింది? గుండు అప్పుడే గుర్తు దాటింది, ఒక్క ఊపు కూడా ఊగలేదు. ఖాళీ గోతాం ముందు నిలబడి లాభం అన్నాడు తను. ఐదువందలని చెయ్యెత్తిన ప్రతిసారీ గుండు ఊగింది అంతకు ఒకటి తక్కువే. తక్కువ ఊపులకి పట్టిన కాలాన్ని ఎక్కువ ఊపులకి పంచితే గుండు చురుగ్గా ఊగినట్టే తేలుతుంది, భూమి గట్టిగా లాగినట్టే తేలుతుంది. రోజూ అదే తప్పు చేశాడు కాబట్టి రోజూ అదే అంకె వచ్చింది.

“ఏందిరా, లాభం కాడనే నిలబెట్టేసినావు?” అన్నాడు చెంగల్రాయన్. “మంచి శకునం కాదు. రెండు అను.”

“నాయనా, నేను మెస్యే కాడికి పోవాల. బరువు పెరగలే. నా లెక్క తప్పింది.”

చెంగల్రాయన్ బండివాళ్ళ వైపు చూశాడు. ఎదురంగడి వైపు చూశాడు. ఆ ముఖంలో నవ్వు ఎటుపోయిందో పోయింది. “బజారంతా చెప్పుకున్నా గదరా” అన్నాడు, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా. కాసేపటికి కొడుకు చేతిలోంచి కుంచం తీసుకున్నాడు. “తప్పని తెల్సినాక గోతాం మూతి కుట్టేస్తామా? పో.”

పొమ్మనడం తేలికే, పోవడం కదా కష్టం. కాలువ వంతెన దాకా పరుగెత్తాడు, అక్కడ కాళ్ళు కదల్లేదు. అవతల తెల్లవాళ్ళ వీధులు. తన లెక్క ఎవరూ వినలేదు. తను చెప్పకపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. చెబితే డైరెక్టరు దొర అన్న మాటే నిజమవుతుంది, గిడ్డంగికి తాళం పడుతుంది, కిటికీ పట్టుకు వేళ్ళాడే పిల్లలు ఇక కిటికీ దగ్గరే ఉండిపోతారు. అదంతా తన మూలంగానే. చెప్పకపోతేనో, తన మీద నమ్మకం పెట్టిన మనిషి తన పేరుతో అబద్ధాన్ని సముద్రం దాటిస్తాడు. ఇక పట్టాభి? వాడు గుండు తిరిగొచ్చాకే ఒకటి అనేవాడు, వాడి అంకెలు పుస్తకాలకి దగ్గరగా వచ్చాయి. సరైనవాటిని కొట్టేసి, తప్పుని నెత్తిన పెట్టుకున్నారు. పట్టాభి ఆ రోజు నవ్వుతూనే గడియారం ముందుకి జరిగాడు గానీ, చెవులు ఎర్రబడటం ఆదికేశవన్ చూశాడు. అది గుర్తుకొచ్చాకే వాడు వంతెన అవతలికి దిగాడు.

గిడ్డంగిలో మెస్యే కాగితాలు కట్టకట్టి దారం ముడి వేస్తున్నాడు. పట్టాభి గుండు తుడుస్తున్నాడు. ఆదికేశవన్ గుమ్మంలోనే నిలబడి, వచ్చిన ఫ్రెంచి ముక్కలన్నీ తడబడుతూ చెప్పేశాడు. మెస్యేకి మొదట అర్థం కాలేదు. చేసి చూపించమన్నాడు. గుండు వదిలారు. అది గుర్తు దాటగానే ఆదికేశవన్ నోరు తెరిచి, బతుకులో మొదటిసారి మెస్యే ముందు, లాభం అన్నాడు.

మెస్యే ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళూ పైకి ఎందుకు లెక్కపెట్టలేదని అరిచాడు. మీరు నవ్వుతారని భయపడ్డానన్నాడు ఆదికేశవన్. ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. చేతిలో కాగితాల కట్టని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“నవ్వి ఉంటే తప్పు ఆ రోజే దొరికేది” అన్నాడు చివరికి.

పట్టాభి గుడ్డ పారేశాడు. “నావి కొట్టేసినారు గదరా” అన్నాడు, మెస్యే వైపు చూడకుండా. నీదే సరి అని ఆదికేశవన్ అన్నాడు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు దొర గుమ్మంలోకి వచ్చాడు. మెస్యే లేచి, సంతకం అక్కర్లేదు, అంకె తప్పు అని చెప్పాడు. డైరెక్టరు దొర ఆశ్చర్యపోనే లేదు. నేను ముందే చెప్పాను కదా అని, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. మెస్యే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు, పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించాడు. ఐదువందల ఊపులయ్యేదాకా కూర్చోండి, ఆ తర్వాత తీసుకెళ్ళండి అన్నాడు. ఆదికేశవన్ వైపు తిరిగి, పైకి లెక్కపెట్టు, నీ నాలుక్కి వచ్చిన మాటల్లోనే అన్నాడు.

గుండు కదిలింది, గుర్తు దాటింది, మెస్యే చెయ్యి ఊపాడు. “సున్న” అన్నాడు ఆదికేశవన్. గుండు అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. “లాభం” అన్నాడు. కిటికీ దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు. డైరెక్టరు దొర కనుబొమలు ఎత్తాడు. పట్టాభి మాత్రం నవ్వలేదు, గడియారం మీదినుంచి చూపు తిప్పలేదు.

ఆ కూర్చున్నంత సేపూ వాడి ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. మధ్యలో డైరెక్టరు దొర దగ్గితే లెక్క జారినట్టే అనిపించింది. ఇప్పుడు తప్పితే ఇక ఎవరికీ దిక్కు లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గొంతు బొంగురుపోయినా మాట ఆపలేదు. ఐదువందలు అని చెయ్యెత్తగానే పట్టాభి గడియారంలో కాలం చూసి చెప్పాడు.

మెస్యే గుణించి చూశాడు. అంకె పారిస్ అంకె కంటే చిన్నది. కొట్టేసిన పట్టాభి అంకెలకి దాదాపు సరిపోయింది.

అంటే కొత్తదేమీ లేదన్నమాట, అన్నాడు డైరెక్టరు దొర. లేదని మెస్యే ఒప్పుకున్నాడు. దొర ఆదికేశవన్ వైపు తిరిగి, నీ తప్పు ఎవరు పట్టుకున్నారని అడిగాడు. ఎవరూ పట్టుకోలేదని వాడన్నాడు. మరి ఎందుకు చెప్పావని అడిగాడు దొర, ఈసారి నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. ఆదికేశవన్ ఫ్రెంచిలో వెతుక్కున్నాడు. వాడికి దొరికింది ఒక్క మాటే.

“గోతాం ఖాళీగా ఉంది, దొరా.”

ఆ మాట డైరెక్టరు దొరకి అర్థం కాలేదు, అర్థం చెప్పమని అడగనూ లేదు. బల్ల మీది తాళంచెవి వైపు చూశాడు, గుండు వైపు చూశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తాళంచెవి బల్ల మీదే ఉంది.

ఆదికేశవన్ నేల మీద చతికిలబడ్డాడు. పట్టాభి వచ్చి పక్కన కూర్చున్నాడు.

“రేపు నేను లెక్కపెడతా” అన్నాడు. “నువ్వు పక్కనే కూచోని వింటా ఉండు. తప్పితే చెప్పు.”